చేదుకు లెక్క, వాసనకు కాపలా: ఐపీఏ మీద పాఠకుల ప్రశ్నలు

ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అంటే హాప్స్ అనే తీగ పువ్వుల చేదు, వాసన దండిగా ఉండే బీరు. దాని గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ముందుగా చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం నేరం. ఇంట్లో తాగడానికే చేసుకున్నామన్నా చెల్లదు. అమెరికాలో 1979 నుంచి కేంద్ర చట్టం దీనికి అనుమతిస్తోంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు, ఆ రాష్ట్రం నిబంధనలు కూడా చూసుకోవాలి. కింద రాసిన బీరు కొలతలన్నీ అలా అనుమతి ఉన్నచోట కాచుకునేవాళ్ల కోసమే.

ప్రశ్న: మా అల్లుడు డాలస్‌లో ఉంటాడు. ఇంట్లో ఐపీఏ కాచినాడు. 20 లీటర్లకు 120 గ్రాముల హాప్స్ మొదట్లోనే వేసి గంటసేపు మరగబెట్టినాడట. నోట్లో పెట్టుకుంటే నేలవేము కషాయమే, వాసన మాత్రం లేదు. సరైన కొలతలు ఎట్ల కుదుర్చుకోవాల?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: హాప్స్ ఎక్కువై కాదండీ, వేసిన సమయం వల్ల అలా అయింది. హాప్స్‌లో రెండు వేరువేరు సరుకులున్నాయి. ఒకటి ఆల్ఫా ఆమ్లాలు. ఇవి పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లలో సరిగా కరగవు. మరిగేకొద్దీ రూపం మారి, కరిగి, చేదునిస్తాయి. రెండోది నూనెలు. వాసనంతా వీటిదే. పోపులో కరివేపాకు వేసి గంట మాడిస్తే ఏం మిగులుతుందో, గంట మరిగిన హాప్స్ నూనెల్లోనూ అంతే మిగులుతుంది. 12 శాతం ఆల్ఫా ఉన్న హాప్స్ 120 గ్రాములు గంటసేపు మరిగితే లెక్క ప్రకారం చేదు 130 ఐబీయూ దాటుతుంది. ఐబీయూ అంటే చేదుకు కొలత. 100 దగ్గరికి వచ్చేసరికి ఇక కరగనని మొండికేస్తుంది కాబట్టి అసలు అంకె అంత ఉండకపోవచ్చు గానీ, కషాయం కావడానికి అది చాలు.

కొలతలు వేసేటప్పుడు సరుకుల పట్టీతో మొదలుపెట్టకండి. గ్లాసులో ఏం కావాలో మూడు అంకెలుగా రాసుకోమనండి. అమెరికన్ ఐపీఏకి మేం ఎంచుకునేవి ఇవి: పులియకముందు గ్రావిటీ (నీళ్లను 1గా తీసుకుంటే ఈ ద్రవం ఎంత బరువో చెప్పే అంకె, చక్కెర ఎక్కువుంటే పెరుగుతుంది) 1.062, పులిశాక 1.011, చేదు 60 ఐబీయూ. మొదటి రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, ఇక్కడ 6.7. చేదును గ్రావిటీలోని చివరి రెండంకెలతో భాగిస్తే 60 బై 62, అంటే దాదాపు ఒకటి. ఐపీఏకి ఈ నిష్పత్తి 0.9 నుంచి 1 దాకా ఉండాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వుకీ బెల్లానికీ ఉన్న పొత్తే ఇది. బెల్లం పెంచితే పువ్వూ పెంచాలి, విడివిడిగా ఏదీ ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఇప్పుడు గింజ. 20 లీటర్లను 62తో గుణిస్తే 1240 గ్రావిటీ పాయింట్లు కావాలి. కిలో పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన లేతరంగు బార్లీ) నుంచి సిద్ధాంతపరంగా 300 పాయింట్లు రావాలి, ఇంటి సామానుతో 72 శాతం పట్టుకోగలిగితే 216 వస్తాయి. 250 గ్రాముల మామూలు పంచదార 96 పాయింట్లు ఇస్తుంది. మిగిలిన 1144ని 216తో భాగిస్తే 5.3 కిలోల మాల్ట్. అందులో 4.7 కిలోలు టూ-రో పేల్ మాల్ట్, 400 గ్రాములు మ్యూనిక్, నురుగు నిలబడడానికి 200 గ్రాములు గోధుమ మాల్ట్. పంచదార ఎందుకంటే అది మొత్తం పులిసిపోతుంది, బీరు నోట్లో తేలిగ్గా, పొడిగా ముగుస్తుంది. తీపి, రంగు కోసం క్రిస్టల్ మాల్ట్ అరకిలో కుమ్మరించడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. దాని జిగురు తీపి హాప్స్ వాసన మీద దుప్పటి కప్పినట్టు కూర్చుంటుంది. వేయాలనిపిస్తే 150 గ్రాములు దాటనివ్వకండి.

నీళ్లు మొత్తం 31 లీటర్లు. కిలో గింజ సుమారు లీటరు తాగేస్తుంది, గంట మరుగుకు మూడున్నర లీటర్లు ఆవిరవుతాయి, అడుగు మడ్డిలో రెండు లీటర్లు పోతాయి, 20 మిగులుతాయి. ఇందులో 16 లీటర్లను 72 డిగ్రీలకు వేడిచేసి గింజ కలిపితే 66 దగ్గర స్థిరపడుతుంది. గంటసేపు మూతపెట్టి ఉంచాలి. ఈ రెండు మూడు డిగ్రీలే బీరు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. 64 దగ్గర ఉంచితే పిండి ఎక్కువ భాగం చిన్న చక్కెరలవుతుంది, బీరు పలచబడుతుంది. 69 దాటితే ఈస్ట్ తినలేని పెద్ద చక్కెరలు మిగిలి, గ్రావిటీ 1.018 దగ్గరే ఆగి, లెక్క వేసుకున్న చేదు కూడా తీపిలో మునిగిపోతుంది. మిగిలిన 15 లీటర్లను 76 డిగ్రీలకు వేడిచేసి గింజ మీద పోసి కడగాలి. ఇలా దిగిన తీపి నీళ్లనే వర్ట్ అంటారు. సుమారు 25 లీటర్లు పైచిలుకు వస్తుంది కాబట్టి 35 లీటర్ల గిన్నె కావాలి. మొదటి మరుగులో పాలపొంగులా పొంగుతుంది, పక్కనే నిలబడాలి.

హాప్స్ నాలుగు విడతలు. మాగ్నమ్, సెంటెనియల్, సిట్రా, సిమ్‌కో అనేవి వాటి రకాల పేర్లు. మరుగు మొదట్లో 14 శాతం ఆల్ఫా ఉన్న మాగ్నమ్ 28 గ్రాములు. ఇది చేదుకు మాత్రమే, సుమారు 37 ఐబీయూ. ఇంకో పది నిమిషాల్లో దించుతామనగా 10 శాతం ఆల్ఫా ఉన్న సెంటెనియల్ 30 గ్రాములు, పంచదార కూడా అప్పుడే. దీంతో ఇంకో 10. తరువాత మంట ఆపి, వర్ట్‌ను 80 డిగ్రీలకు చల్లార్చి, సిట్రా 50 గ్రాములు వేసి 20 నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. ఇది 12 దాకా ఇస్తుంది. 80కి దించడం తప్పనిసరి, 95 దగ్గర వేస్తే చేదు లెక్క దాటిపోతుంది, నూనెలూ ఆవిరవుతాయి. పులియడం దాదాపు ముగిశాక సిట్రా 50, సిమ్‌కో 50 గ్రాములు పొడిగా (మరిగించకుండా, నేరుగా బీరులోకి) వేసి మూడు రోజులు ఉంచాలి. ఐదారు రోజులు ఉంచితే పచ్చి గడ్డి వాసన మొదలవుతుంది. సిట్రా వాసన చీనీ తొక్క గిల్లినప్పుడు, బాగా పండిన బేనీషా కోసినప్పుడు వచ్చేదానికి దగ్గర. సిమ్‌కో దేవదారు జిగురు వైపు పోతుంది.

ప్యాకెట్టు మీద ఆల్ఫా శాతం ప్రతి పంటకూ మారుతుంది. మీ అల్లుడి దగ్గర 11 శాతం మాగ్నమ్ ఉంటే 28ని 14తో గుణించి 11తో భాగించుకోవాలి. 36 గ్రాములు వస్తుంది. ఈ ఒక్క లెక్క వదిలేసి, ఎవరో రాసిన గ్రాములు అలాగే వేయడం వల్లే ఒకే రెసిపీ రెండు ఇళ్లలో రెండు రకాలుగా వస్తుంది.

ఈస్ట్ తటస్థమైనది, అంటే సొంత వాసన పెట్టనిది చాలు. యూఎస్-05 రకం పొడి ఈస్ట్ లీటరుకు 0.5 నుంచి 0.8 గ్రాములు. వర్ట్ 18 డిగ్రీలకు దిగాకే వేయాలి. డాలస్ ఎండాకాలం మన కర్నూలు ఎండకు తీసిపోదు. గదిలో 28 ఉంటే పులిసే తొట్టిలో ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే పులియడం తనంతట తానే వేడి పుట్టిస్తుంది. ఆ వేడిలో ఈస్ట్ ఘాటైన ఆల్కహాల్‌లను తయారుచేస్తుంది. పాత ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత నియంత్రిక పెట్టుకోవడం మొదటి ఖర్చు కావాలి, ఖరీదైన హాప్స్ ఆ తరువాత.

ప్రశ్న: వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు జిప్సం వేస్తాం. ఐపీఏ నీళ్లలో కూడా జిప్సం వేస్తారని మా వాడు అంటున్నాడు. అదీ ఇదీ ఒకటేనా?
— ఒక రైతు, కదిరి దారిలోని ఊరు, అనంతపురం వైపు

జవాబు: పదార్థం ఒకటే, కాల్షియం సల్ఫేట్. చేనుకు వేసేది మాత్రం ఎప్పుడూ వాడకూడదు. అందులో మట్టి, ఇతర లోహాలు ఎంతున్నాయో ఎవరూ కొలవరు. ఆహారానికి వాడే గ్రేడ్ వేరేగా దొరుకుతుంది.

దీని వెనక చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర లండన్‌లోని బో ప్రాంతం నుంచి హాడ్జ్‌సన్ కంపెనీ బీరు ఓడల్లో మన రేవులకు వచ్చేది. 1820ల్లో ఇంగ్లండ్‌లోనే బర్టన్ అనే ఊరి బీరు తయారీదార్లు ఆ వ్యాపారంలోకి దిగారు. బర్టన్ బావుల నీళ్లు జిప్సం పొరల గుండా వస్తాయి. ఆ సల్ఫేట్ వల్ల చేదు నాలుక మీద సాగకుండా చురుగ్గా తగిలి తెగిపోతుంది. ఇప్పటికీ ఐపీఏ నీళ్లలో లీటరుకు 150 మిల్లీగ్రాముల సల్ఫేట్, 50 క్లోరైడ్, 100 దాకా కాల్షియం చూసుకుంటారు.

ఆర్ఓ నీళ్లతో మొదలుపెడితే లెక్క తేలిక. 31 లీటర్లకు జిప్సం 9 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 3 గ్రాములు. ఇవి సల్ఫేట్‌ను 160 దగ్గరికి, క్లోరైడ్‌ను 47కి, కాల్షియంను 94కి తెస్తాయి. జిల్లాలో బోరు నీళ్లెలా ఉంటాయో మీకు తెలిసిందే: గిన్నె అడుగున తెల్లటి పొర, కొన్నిచోట్ల ఫ్లోరైడ్. ఆ గట్టిదనంలోని బైకార్బనేట్ గింజ నానేటప్పుడు పీహెచ్‌ను పైకి లాగుతుంది, అంటే పులుపును తగ్గిస్తుంది. పీహెచ్ 5.2 నుంచి 5.4 మధ్య ఉండాలి, 5.8 దాటితే పొట్టులోని వగరు దిగి, టీ ఆకు ఎక్కువసేపు మరిగినట్టు గొంతు పట్టుకుంటుంది. అలాంటి నీళ్లలో జిప్సం ఎంత పోసినా ఐపీఏ రాదు. మీ వాడు ఏ ఊళ్లో ఉన్నా అక్కడి నీటి సరఫరా సంస్థ పరీక్షా నివేదిక తెచ్చుకుని, బైకార్బనేట్ 100 దాటితే ఆర్ఓ నీళ్లకు మారమనండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అన్న కొర్రలు, జొన్నలు, బెల్లం వేసి మన సీమ ఐపీఏ కాచాలని పట్టుబట్టాడు. ఒకసారి వేసి చూస్తే గింజ జల్లెడ మూసుకుపోయి నీళ్లు దిగలేదట.
— ఒక పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: ఆలోచన మంచిదమ్మా, కొర్ర ఐపీఏకి బాగా నప్పుతుంది, బీరును తేలిక చేస్తుంది, హాప్స్‌కు అడ్డు రాదు. పొరపాటు ఎక్కడంటే, బార్లీ మాల్ట్ పిండి 65 డిగ్రీల లోపే ఉడుకుతుంది, కొర్ర, జొన్నల పిండి సుమారు 70 దాటితే గానీ ఉడకదు. ఆ వేడికి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి. పచ్చి నూకను నేరుగా వేస్తే పిండి మారదు, బంకై జల్లెడకు పట్టుకుంటుంది. కొర్ర నూకలో బార్లీ మాల్ట్‌కు ఉన్నట్టు పొట్టు లేకపోవడం రెండో కారణం.

మొదటి కొలతల్లో పేల్ మాల్ట్ 500 గ్రాములు తగ్గించి అంతే కొర్ర నూక తీసుకోమనండి. రెండున్నర లీటర్ల నీళ్లలో, గుప్పెడు నూరిన మాల్ట్ కలిపి 66 దగ్గర పది నిమిషాలు ఉంచితే జారుగా అవుతుంది. ఆ తరువాత 20 నిమిషాలు మరిగించాలి. సంకటిలా గట్టిపడనివ్వకూడదు, జావలా ఉండాలి. దాన్ని 68కి చల్లార్చి అసలు గింజలో కలపాలి. మరిగే జావ పోస్తే మొత్తం వేడెక్కి ఎంజైములు పోతాయి. ఈ జావ నీళ్లను 16 లీటర్లలోంచే తీసుకోవాలి. జల్లెడ మూసుకోకుండా కడిగిన వడ్ల ఊక 200 గ్రాములు కలిపితే చాలు. జొన్న కూడా ఇదే పద్ధతి, కానీ 10 శాతం మించనివ్వకండి. మొలకెత్తించిన రాగుల్లో ఎంజైములు బాగానే ఉంటాయి, అయితే రాగి రంగూ మట్టి రుచీ ఐపీఏలో నాకు నచ్చవు. నల్ల బీర్లకు దాచుకోమనండి.

బెల్లం పంచదార బదులు 250 గ్రాములు వేయవచ్చు, పులిసిపోతుంది. అయితే తీపి పోయాక మిగిలేది దాని ఉప్పదనం, కాలిన వాసన. లేత చీనీ వాసన కోసం డబ్బు పెట్టి కొన్న హాప్స్ పక్కన అది ఉండకూడదు. కొర్ర వేయమనండి, బెల్లం మాన్పించండి.

ప్రశ్న: పది రోజులు అద్భుతంగా ఉండి, నెల తిరిగేసరికి రంగు నల్లబడి, తడి అట్టపెట్టె వాసన వస్తోంది. శుభ్రత లోపమా?
— ఒక పాఠకుడు, కర్నూలు, ప్రస్తుతం అమెరికా

జవాబు: సూక్ష్మజీవులైతే పులుపు వచ్చేది. ఇది గాలి. పులిశాక బీరులోకి చేరే ఆక్సిజన్ ముందు హాప్స్ వాసనను తినేస్తుంది, తరువాత రంగును ముదురు చేస్తుంది, చివరికి అట్ట వాసన తెస్తుంది. ఎక్కువ హాప్స్ ఉన్న బీరుకే ఈ దెబ్బ ఎక్కువ.

మీరు బహుశా వాసన కోసం బీరును రెండో తొట్టిలోకి మార్చి హాప్స్ వేసి ఉంటారు. ఆ మార్పిడే వద్దు. గ్రావిటీ చివరి అంకెకు ఇంకా మూడు నాలుగు పాయింట్లుండగా మొదటి తొట్టిలోనే వేయండి, బతికున్న ఈస్ట్ లోపలికి వచ్చిన గాలిని లాగేసుకుంటుంది. సీసాల్లోకి దించేటప్పుడు గొట్టం సీసా అడుగును తాకాలి, చిమ్మకూడదు. మెడలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉంచకండి. దించేముందు 20 లీటర్లకు 0.3 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపితే ఇంకొంత కాపలా. సల్ఫైట్ పడని వాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు తాగే బీరులో మాత్రం వద్దు. గ్యాస్ పట్టాక ఫ్రిజ్‌లోనే ఉంచి ఆరు వారాల్లో పూర్తిచేయండి. గోధుమరంగు సీసాలే వాడండి, వెలుతురు తగిలితే చేదు పదార్థమే విరిగి దుర్వాసన వస్తుంది. మిగిలిన హాప్స్ గాలి తీసిన సంచిలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. వంటింటి అలమరలో పెట్టినవి చెమట పట్టిన సాక్సు వాసన వస్తాయి, వాటిని పారేయడమే మేలు.

ప్రశ్న: గ్రావిటీ 1.012 దగ్గర ఆగిందని చూసే సీసాల్లో పోసినాం. మూడు వారాలకు రెండు సీసాలు పేలినాయి. పంచదార ఎక్కువ వేయలేదు.
— బద్వేలు నుంచి ఉత్తరం, కొడుకు తరఫున

జవాబు: ముందు మిగిలిన సీసాలు. మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, సీసాల మీద తడి దుప్పటి కప్పి, ఫ్రిజ్‌లోకి చేర్చమనండి. బాగా చల్లబడ్డాక ఒక్కొక్క మూతా కొంచెం లేపి గ్యాస్ వదలాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

కారణం పొడిగా వేసిన హాప్స్. వాటిలో కొద్దిగా ఎంజైములుంటాయి, ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద చక్కెరలను అవి మెల్లగా విరగ్గొడతాయి. అప్పుడు పులియడం మళ్లీ మొదలవుతుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1893లోనే దీన్ని రాసిపెట్టారు. కాబట్టి హాప్స్ వేయకముందు ఆగిన అంకెను నమ్మకూడదు. హాప్స్ వేశాక, గది వేడిలోనే, మూడు రోజుల పాటు అంకె కదలకుండా ఉండాలి. బీరును గోరువెచ్చగా చేసి వాసన చూడండి, వెన్న కాచిన వాసన ఉంటే పని ఇంకా జరుగుతున్నట్టే. ఆ తరువాతే 20 లీటర్లకు 115 గ్రాముల పంచదార కొంచెం నీళ్లలో మరిగించి కలపాలి. గ్యాస్ తట్టుకునే బీరు సీసాలే వాడాలి, జామ్ సీసాలు, పలచటి అలంకారపు సీసాలు వద్దు.

ప్రశ్న: కువైట్‌లో ఉన్న మా తమ్ముడు గదిలో కాచుకోవచ్చా?
— కడప

జవాబు: వద్దు. అక్కడ మద్యం తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధం. పట్టుబడితే జైలు, దేశం నుంచి పంపించేయడం దాకా పోతుంది. ఈస్ట్ ప్యాకెట్టు కూడా ఆ ఉద్దేశంతో దగ్గర ఉంచుకోవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మూడెకరాల చీనీ తోట ఎండిపోయింది. డ్రిప్ ఉంది, కాకర పందిరి వేసిన అనుభవం ఉంది. హాప్స్ వేస్తే వస్తుందా?
— ఒక రైతు, తాడిపత్రి

జవాబు: తీగ వస్తుంది, పంట రాదు. హాప్స్‌కు నీళ్ల కన్నా పగటి పొడవు ముఖ్యం. వసంతంలో పగలు పెరుగుతూ 15, 16 గంటలయ్యే చోట తీగ ఐదారు మీటర్లు ఎగబాకి, పగలు తగ్గడం మొదలయ్యాక పూస్తుంది. అందుకే 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య వేస్తారు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు. తాడిపత్రి 15 డిగ్రీల దగ్గరుంది, నడి వేసవిలోనూ పగలు 13 గంటలే. తీగ నడుం ఎత్తు రాకముందే పూతకొచ్చి ఆగిపోతుంది. రాత్రిపూట దీపాలు పెట్టి పగటిని పొడిగించే పద్ధతి ఉంది, పందిరి ఖర్చు, కరెంటు ఖర్చు, కోసిన పువ్వును గంటల్లో ఆరబెట్టే గది, ఇవన్నీ కలిపి అప్పు చేసి దిగే పంట కాదు. పెరట్లో ఒక మొక్క పెట్టి చూడండి, చేనుకు మాత్రం వద్దు.

ప్రశ్న: ఆల్కహాల్ అసలు లేకుండా ఆ హాప్స్ వాసన మాత్రం కావాలంటే? మా ఇంట్లో సోడా మెషిన్ ఉంది.
— ఒక గృహిణి, ఆదోని

జవాబు: ఇది చట్టానికీ అడ్డు లేదు, అరగంట పని. రెండు లీటర్ల ఆర్ఓ నీళ్లు మరిగించి దించండి. ఒక నిమ్మకాయ రసం పిండండి. పులుపు లేకపోతే వగరు, ఆకు రుచి దిగుతాయి, అందుకని నిమ్మ ముందే పడాలి. 75 డిగ్రీలకు చల్లారాక సిట్రా గుళికలు 3 గ్రాములు పలచటి గుడ్డలో వదులుగా కట్టి వేసి, 15 నిమిషాలకు తీసేయండి. మూట పిండొద్దు, పిండితే పచ్చ మడ్డి దిగి గొంతులో గీరుతుంది. రెండుసార్లు వడగట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, పైన తేరుకున్నది మాత్రం వంచుకోండి. పంచదార వేయకండి, ఈస్ట్ తగిలితే పులిసే అవకాశం ఇచ్చినట్టవుతుంది. మీ మెషిన్ ఉత్త నీళ్లకే గ్యాస్ ఎక్కించే రకమైతే ఈ నీళ్లు అందులో పెట్టకండి, నురుగు పైకి తన్నుతుంది. హాప్స్ 6 గ్రాములకు పెంచి చిక్కగా చేసుకుని, గ్లాసులో సగం పోసి మిగతా సగం చల్లటి సోడాతో నింపండి. ఫ్రిజ్‌లో మూడు రోజుల కంటే ఎక్కువ ఉంచొద్దు.